కాపడం

మరకమ్మ కళ్ళు మూసుకున్నాకే గంజమ్మ ఆమె చొక్కా గుండీలు విప్పాలి. కట్టు మార్చి, మళ్ళీ పైగుండీ దాకా పెట్టేసి "ఊఁ" అన్నాకే మరకమ్మ కళ్ళు తెరవాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున ఇద్దరూ చేసుకున్న ఒప్పందం అది. ఇవాళ్టి దాకా ఇద్దరిలో ఎవరూ మాట తప్పలేదు.

"మూసుకున్నావా?"

"మూసుకున్నా. నువ్వు కానీ."

"దొంగచూపులు చూడటం లేదు కదా?"

"కళ్ళు మూసుకోమంది నన్ను. నువ్వెందుకు గుడ్డిదానివయ్యావు? మొహం చూసి చెప్పలేవా?"

గంజమ్మ నవ్వాపుకుని గుండీల మీద చెయ్యి వేసింది.

ఇద్దరూ ఒకే డ్రైక్లీనింగ్ షాపులో పనిచేస్తారు. షాపు వెనకగదిలో మరకలు తీసే బల్ల ఒకటి, దానికి ఎదురుగా ఇస్త్రీ బల్ల ఒకటి. మరకల బల్ల మీదకు వంగి ఉండేది మరకమ్మ. ఇస్త్రీ బల్ల దగ్గర, గంజిపెట్టిన కాలర్‌లా మెడ నిటారుగా పెట్టుకుని నిలబడేది గంజమ్మ. ఒకరికొకరు పెట్టుకున్న పేర్లే అవి. అసలు పేర్లేమిటో షాపాయన కూడా ఎప్పుడో మర్చిపోయాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదురెదురుగా నిలబడి, ఆవిర్లోనూ మందుల వాసనలోనూ ఇద్దరూ మాట్లాడుకోని సంగతి లేదు. ఒకరి అత్తగారి దగ్గు మొదలుకుని ఇంకొకరి పంటి నొప్పి దాకా ఆ రెండు బల్లల మధ్యనే తిరిగేవి. మరకమ్మ రొమ్ములో గడ్డ సంగతి మొదట విన్నది కూడా గంజమ్మే, మొగుడు కాదు.

ఎడమ రొమ్ము తీసెయ్యాలన్నారు. తీసేసి, అదే ఆపరేషన్లో చర్మం కింద సిలికాన్ సంచి అమర్చి కొత్తది నిలబెట్టే వీలుందని సర్జనమ్మ చెప్పింది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ మరకమ్మ అదే పట్టు పట్టింది. ఆమె ఆడపడుచు, అంటే పెళ్ళయినప్పట్నుంచీ మరకమ్మ "వదినా" అని పిలుస్తూ భయపడుతూ వచ్చిన మనిషి, ఇంతెత్తున లేచింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యి ఎవరి బతుకు వాళ్ళు బతుకుతున్నారు, ఇప్పుడు ఎవరికి చూపించాలని ఈ సోకులు అని అడిగింది. ఆ ఇంట్లో ఆవిడ మాటకు ఎదురుచెప్పడం అదే మొదటిసారి. "నాకు చూపించుకోవాలి వదినా," అంది మరకమ్మ. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ పట్టు చూసి మొగుడు కూడా తలూపాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి ఆయన, పైకో కిందకో ఎవరు ఏ మీట నొక్కితే అటు వెళ్ళడం అలవాటైపోయిందని మరకమ్మే ఆయన్ని ఎగతాళి చేస్తుంది.

అంత పట్టుపట్టి తెచ్చుకున్న దాన్ని మరకమ్మ ఇంతవరకూ చూసుకోలేదు. సిగ్గు కాదు, భయం కాదు, అది ఆమె పని పద్ధతి. గుడ్డ తడిగా ఉన్నప్పుడు మరక పోయినట్టే ఉంటుంది, ఆరాక అంచుల్లో మళ్ళీ తేలుతుంది. ఒక్కోసారి తడి మీద నల్లగా కనపడి భయపెట్టిందే ఆరాక మాయమవుతుంది. తడి గుడ్డను చూసి కంగారుపడి ఇంకాస్త రుద్దితే నేత చెడుతుంది. అందుకని మందు వేసి, తుడిచి, తీగ మీద వేశాక అది ఆరేదాకా మరకమ్మ అటు చూడదు, షాపాయన వచ్చి అడిగినా చూడనివ్వదు. ఒంటికీ అదే పద్ధతి పెట్టింది. వాపు పోవాలి, కుట్లు ఆరాలి, ఇక కట్టు అక్కర్లేదని సర్జనమ్మ చెప్పాలి. ఆ రోజున తలుపేసుకుని, అద్దం ముందు నిలబడి, లైటు వేసుకుని తీరిగ్గా చూసుకోవాలని ఆమె ఆశ. ఆ ఆశ మీదే ఆవిడ ప్రాణాలు పెట్టుకుని ఉందని గంజమ్మకు తెలుసు.

గంజమ్మ మాత్రం రోజూ చూస్తోంది. షాపు మూశాక ఇంటికి కూడా పోకుండా నేరుగా ఇక్కడికే వచ్చి, చేతులు సబ్బుతో కడుక్కుని, కట్టు విప్పి, కుట్ల చుట్టూ తుడిచి, కొత్త కట్టు వేస్తుంది. మొదట్లో కమిలి నీలంగా ఉండేది. తర్వాత పసుపుపచ్చగా మారింది. ఇప్పుడు ఒంటి రంగులో కలుస్తోంది. చూసింది చూసినట్టు కడుపులో దాచుకోవాలి, ఎలా ఉందన్న మాట నోరు జారకూడదు. అదీ ఒప్పందంలోదే.

"ఊఁ," అంది పైగుండీ పెట్టేసి.

మరకమ్మ కళ్ళు తెరిచి, ముందు గంజమ్మ మొహం వైపు చూసింది. రోజూ అలాగే చూస్తుంది. గంజమ్మ మెడ నిటారుగా పెట్టుకుని కత్తెర సర్దుకుంది.

"ఇంకెన్నాళ్ళు?"

"వచ్చేసారి చూపించుకున్నప్పుడు కట్టు తీసెయ్యొచ్చని నర్సమ్మ అంది కదా. అంత తొందరేంటే, పారిపోతుందా అది?"

"పారిపోదులే. ఎక్కడికి పోతుంది, కుట్టేశారుగా."

ఇద్దరూ నవ్వారు. మరకమ్మకు నవ్వితే భుజం లాగుతుంది. లాగగానే మొహం చిట్లించింది.

అసలు బాధంతా ఆ భుజమే. రొమ్ము చోట ఏ నొప్పీ లేదు, ఎందుకంటే ఆ చర్మానికి స్పర్శే లేదు. నరాలు తెగాయనీ, చీమ కుట్టినా తెలియదనీ, ఆ చోట వేడి గానీ ఐసు గానీ పెట్టకూడదనీ ఆసుపత్రి వాళ్ళు చెప్పే పంపారు. భుజం మాత్రం బిగుసుకుపోయింది. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళతో గోడ మీద పాక్కుంటూ చెయ్యి పైకి తీసుకెళ్ళడం రోజూ చెయ్యాల్సిన వ్యాయామం. మెడ దాకా వచ్చేసరికి మరకమ్మ పెదవి కొరుక్కుంటుంది. ఆ కాస్త ఎత్తు దాటడానికి తలప్రాణం తోకకు వస్తోంది. వ్యాయామానికి ముందు భుజం వెనక గోరువెచ్చగా కాపడం పెట్టుకోవచ్చని, వ్యాయామం నేర్పే అమ్మాయి చెప్పింది.

"వేడినీళ్ళ సంచి తెచ్చారు ఈయన. అది పెడితే ఒక చోటే తగులుతుంది, సుఖం లేదు," అంది మరకమ్మ భుజం పట్టుకుని.

"రేపు సెలవేగా. నేను పెడతా కాపడం. నా చేతి కాపడం చూద్దువుగాని."

అంది, అన్నందుకు గంజమ్మకే సంతోషం వేసింది. ఇన్నాళ్ళుగా ఆమె చేస్తున్నదల్లా నర్సు చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే. తనకు సొంతంగా తెలిసిన పని ఒకటి స్నేహితురాలి ఒంటికి పనికొస్తుందంటే ప్రాణం లేచివచ్చింది.

మర్నాడు గంజమ్మ సంచిలో షాపు గుడ్డ ఒకటి తెచ్చింది. ఉన్ని కోట్లు ఇస్త్రీ చేసేటప్పుడు పైన పరిచే మందపాటి నూలుగుడ్డ అది, ఎన్నో పొరలు కలిపి కుట్టినది. దాన్ని తడిపి, పిండి, పైన ఇస్త్రీపెట్టె రుద్దితే పొరల్లో ఆవిరి నిండిపోయి చాలాసేపు వేడి నిలుస్తుంది. వదినగారు బజారుకు వెళ్ళింది. మొగుడికి ఎక్కడో లిఫ్టు మధ్యలో ఆగిందని ఫోను వస్తే వెళ్ళాడు. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి, ఇంట్లో ఉన్న చిన్న ఇస్త్రీపెట్టెనే వేడిచేసి గంజమ్మ గుడ్డ మీద రుద్దింది. తెల్లటి ఆవిరి లేచింది. గుడ్డను మడిచి అరచేతిలో పెట్టుకుంది, చెంపకు కాదు, మణికట్టుకు కాదు, అరచేతికి. షాపులో వేడి చూసుకునే పద్ధతి అదే. పెట్టెలూ ఆవిరీ పట్టి పట్టి ఆ చేతులు ఎప్పుడో మొద్దుబారాయి. వేడి వేడి టీ గ్లాసును మిగతావాళ్ళు కొంగుతోనో రుమాలుతోనో పట్టుకుంటే గంజమ్మ వట్టిచేత్తో పట్టుకుని ఇంటిల్లిపాదికీ అందిస్తుంది. అరచేతికి గోరువెచ్చగా అనిపించింది. అయినా జాగ్రత్త కోసం పొడి తువ్వాలు ఒక చుట్టు చుట్టింది.

మరకమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, మూట భుజం వెనక పెట్టి, ఒక కొస మెడ పక్క నుంచి ముందుకు వేసింది.

"అబ్బ," అంది మరకమ్మ. కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి. "ఇది ముందే ఎందుకు పెట్టలేదే నువ్వు?"

"ముందే అడగాల్సింది."

"ప్రాణం హాయిగా ఉంది."

ఆపరేషన్ అయినప్పట్నుంచీ పక్కకు తిరిగి పడుకోవడానికి లేక, వెల్లకిలా పడుకుంటే భుజం లాగి, సరైన నిద్ర లేని మనిషి కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రలోకి జారిపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. గంజమ్మ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, ఉతికిన చొక్కాలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఖాళీగా కూర్చోవడం ఆమె చేతులకు రాదు.

కాసేపటికి మరకమ్మ తల పక్కకు వాలింది. దాంతోపాటు గుడ్డల మూట కూడా భుజం మీది నుంచి జారి, తువ్వాలు ఊడిపోయి, రొమ్ము మీదకు వచ్చి ఆగింది. గంజమ్మ చూసింది. చూడలేదని తర్వాత ఎన్నిసార్లు తనకు తాను చెప్పుకోబోయినా లాభం లేదు, చూసింది. చెయ్యి చాపింది కూడా. మరకమ్మ ఊపిరి మెల్లగా, నిండుగా వస్తోంది. కదిలిస్తే లేస్తుంది, లేస్తే మళ్ళీ ఈ నిద్ర రాదు. మూట ఈపాటికి చల్లారే ఉంటుంది. కాలితే తనే లేస్తుంది కదా అనుకుంది.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, చొక్కా చేతులు రెండూ వెనక్కి మడిచి, కాలర్ సర్దింది.

వదినగారు బజారు నుంచి వచ్చిన చప్పుడుకు మరకమ్మ లేచింది. మొహం తేటగా ఉంది. "ఎంతసేపు పడుకున్నానే?" అని అడిగి, గోడ దగ్గరకు వెళ్ళి, వేళ్ళతో పాక్కుంటూ చెయ్యి పైకి పంపింది. మెడ దాటింది, చెవి దాటింది. నడినెత్తి దాకా వెళ్ళింది. వెనక్కి తిరిగి చిన్నపిల్లలా నవ్వింది. వదినగారు కూడా కూరగాయల సంచి దించుతూ ఆగి చూసి, "పర్లేదే," అంది. గంజమ్మకు ఆ రోజు నేల మీద కాళ్ళు నిలవలేదు.

సాయంత్రం కట్టు మార్చేటప్పుడు, మరకమ్మ కళ్ళు మూసుకుని ఉండగా, గంజమ్మ గుండీలు విప్పి ఆగిపోయింది.

కుట్లకు పైన అరచెయ్యంత మేర ఎర్రగా ఉంది. మధ్యలో చర్మం ఉబ్బి, లోపల నీరు చేరింది. ఇస్త్రీ షాపులో పనిచేసేవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు అదేమిటో. తన ముంజేతుల మీద అలాంటివి ఎన్ని లేచి ఎన్ని ఆరాయో లెక్కలేదు. మంచం పట్టె పట్టుకుంది.

"ఏమైంది? ఆగావేం?"

"ఏం లేదు. కొంచెం ఎర్రబడింది."

"వాపు తగ్గేటప్పుడు ఎరుపొస్తుందని చెప్పారుగా."

"ఊఁ."

"నొప్పేమీ లేదులే," అంది మరకమ్మ కళ్ళు మూసుకునే. "నువ్వు కట్టేసెయ్."

గంజమ్మ చల్లటి నీళ్ళలో గుడ్డ తడిపి పైన వేసింది. కొంతసేపు అలా ఉంచి, తీసి, కట్టేసింది. పైగుండీ పెట్టింది కానీ "ఊఁ" అనలేదు. మరకమ్మే "అయిందా?" అని కళ్ళు తెరిచి, ఎప్పట్లాగే ఆమె మొహం వైపు చూసింది. గంజమ్మ కత్తెర కోసం వెతుకుతున్నట్టు మంచం కిందకు వంగింది. చెప్పాలి. చెబుదామని వంగింది వంగినట్టే మూడు మాటలు కూడదీసుకుంది. పైకి లేచేసరికి వదినగారు టీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మాటలు నమిలి మింగేసింది. రేపటికి తగ్గితే ఎవరికీ చెప్పక్కర్లేదు కదా అన్న పిరికితనం అప్పుడే లోపలికి వచ్చి కూర్చుంది.

మర్నాడు షాపులో ఇస్త్రీ బల్ల ముందు నిలబడితే చేతులు ఆడలేదు. ఎదుటి బల్ల దగ్గర షాపాయన మేనకోడలు కూర్చుని, ఒక తెల్లకోటు మీది మరకను బట్టల సబ్బుతో బరబరా రుద్దుతోంది. మరకమ్మ చూస్తే గుండె ఆగేది. గంజమ్మ ఆ కోటును లాక్కుని పక్కన పెట్టి, ఒంట్లో బాగోలేదని చెప్పి మధ్యాహ్నమే బయల్దేరింది.

కట్టు విప్పితే బొబ్బ చితికిపోయి ఉంది. దాని కింద చర్మం ఎర్రగా లేదు. ఎర్రగా ఉంటే బాగుండును. తెల్లగా, అట్టలాగా ఉంది, అంచుల్లో నలుపు తిరుగుతోంది.

"కళ్ళు తెరవకు," అంది గంజమ్మ. "తెరవకుండానే విను. ఆసుపత్రికి వెళ్ళాలి. ఇప్పుడే."

"ఎందుకూ?"

"నిన్న గుడ్డ జారి ముందుకు వచ్చింది. కాలింది."

మరకమ్మ కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నవి పెట్టుకున్నట్టే ఉన్నాయి. "నువ్వెక్కడున్నావప్పుడు?" అని అడిగింది.

"ఇక్కడే ఉన్నా. స్టూలు మీద."

గంజమ్మ గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. ఒక గుండీ ఒక కన్నం తప్పి పెట్టి, మళ్ళీ విప్పి పెట్టింది.

ఆసుపత్రిలో సర్జనమ్మ వంగి చూసింది. మరకమ్మ అక్కడా కళ్ళు మూసుకునే ఉంది. గోడ పక్కన మొగుడు, అతని వెనక వదినగారు, తలుపు దగ్గర గంజమ్మ.

"ఎవరు పెట్టారు దీని మీద వేడి?" అంది సర్జనమ్మ. అరవలేదు. అరిచినా బాగుండేది.

గంజమ్మ నోరు తెరిచింది.

"నేనే పెట్టుకున్నా డాక్టరమ్మా," అంది మరకమ్మ. "ఇంట్లో ఎవరూ లేరు, గంజమ్మ కూడా అప్పటికింకా రాలేదు. భుజానికి పెట్టుకున్నా, నిద్రపట్టేసింది."

"పెట్టొద్దని చెప్పాం కదమ్మా."

"చెప్పారు."

వదినగారు ఊరుకోలేదు. ఊరుకుంటుందని ఎవరూ అనుకోలేదు కూడా. చెప్పినమాట వినకుండా లేనిపోని గొంతెమ్మ కోరికలు కోరితే ఇంతేననీ, ఉన్నది తీసేసి ఊరుకుని ఉంటే ఈపాటికి లేచి తిరుగుతూ ఉండేదనీ, చేజేతులా తెచ్చుకుందనీ గుక్క తిప్పుకోకుండా అనేసింది. మొగుడు "అక్కా, ఇక్కడొద్దు," అన్నాడు కానీ ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. మరకమ్మ కళ్ళు మూసుకుని, తల ఒకవైపు తిప్పుకుని అన్నీ పడింది. ఆ మాటలన్నీ గంజమ్మ పడాల్సినవి. అవి తన కళ్ళముందే వేరే మనిషి మీద పడుతుంటే గంజమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. ఇప్పుడైనా ఒక్క అడుగు ముందుకు వేసి నోరు విప్పితే చాలు. వెయ్యలేదు.

మందు రాసి, కట్టి, కొన్నాళ్ళు చూద్దాం అన్నారు. కింద చర్మం బతికి ఉంటే కోలుకుంటుంది, లేదంటే సంచి తీసెయ్యాలి, తియ్యకపోతే చీము పట్టి ప్రాణం మీదకు వస్తుంది. అందుకని కళ్ళముందే ఉండాలంటూ ఆసుపత్రిలోనే ఉంచేశారు.

ఇక గంజమ్మ చెయ్యడానికి ఏ పనీ లేకుండా పోయింది. కట్టు నర్సులే మారుస్తున్నారు. బట్టలు ఆసుపత్రివాళ్ళవే. తిండి కూడా వాళ్ళదే. రోజూ షాపు నుంచి వచ్చి మంచం పక్కన కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకునేది. నర్సు తెర లాగి లోపలికి వెళ్ళినప్పుడల్లా బయట నిలబడి, వచ్చేటప్పుడు ఆ పిల్ల మొహం వెతికేది. నర్సుల మొహాల్లో ఏమీ దొరకదు.

"ఎందుకలా చెప్పావు?" అని ఒక సాయంత్రం అడిగింది.

"ఎలా?"

"నువ్వే పెట్టుకున్నావని."

మరకమ్మ దుప్పటి అంచు మీద ఏదో చిన్న మచ్చను గోటితో గీకుతూ ఉంది. "నేనని చెబితే మాటలు పడి ఉంటా. నువ్వని చెబితే వదిన నిన్ను గడప తొక్కనివ్వదు. అప్పుడు నాకెవరున్నారే?"

గంజమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పమిటతో నోరు కుక్కుకుంది. మరకమ్మ గోటితో గీకడం ఆపి ఆమె వైపు చూసింది.

"ఇదిగో, ఇక్కడ ఏడవకు," అంది. కసురుకోలేదు, అలసిపోయి అంది. "నువ్వు ఏడిస్తే నేను నిన్ను ఓదార్చాలి. నాకు ఓపిక లేదు. బయటికి వెళ్ళి ఏడ్చి రా."

గంజమ్మ లేచి వరండాలోకి వెళ్ళింది. అక్కడ మరకమ్మ మొగుడు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో చల్లారిన టీ కప్పు ఉంది.

"అన్నయ్యా," అంది గంజమ్మ. "కాపడం పెట్టింది నేను. జారడం చూశాను. చూసి తియ్యలేదు."

చెప్పేసింది. ఎన్నాళ్ళనుంచో గొంతులో అడ్డంపడి ఉన్న మాట బయటికి వచ్చేసరికి, ఇక తిట్టినా కొట్టినా సరే అనిపించి అతని మొహం వైపు చూసింది. అతను కప్పులోకి చూశాడు.

"మా ఇంట్లో అంత మందం గుడ్డ ఎక్కడిది చెల్లెమ్మా," అన్నాడు చివరికి. "ఆ రోజే అర్థమయింది నాకు. వంటింట్లో తడిసి పడుంటే తీసి దాచాను, అక్క చూడకుండా."

"మీరు ఏమీ అనరేం?"

"అంటే ఏమవుతుంది? తను ఆ మాట తన మీద వేసుకుంది, వేసుకోనీ. నువ్వు చెప్పుకుంటే నీకు తేలికవుతుంది. దానికేం తేలికవుతుంది?"

అతను టీ పారబోయడానికి తొట్టి కోసం వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. తప్పు ఒప్పుకుంటే ఎవరో ఒకరు శిక్ష వేస్తారని గంజమ్మ అనుకుంది. ఇక్కడ దానికి కూడా తీరిక ఉన్నవాళ్ళు లేరు. కాసేపు కిటికీ దగ్గర నిలబడింది. ఏడుపు మాత్రం రాలేదు.

నలుపు పాకింది. ఒకరోజు సర్జనమ్మ వచ్చి, మంచం మీద కూర్చుని, మరకమ్మ చెయ్యి పట్టుకుని చెప్పింది. మర్నాడు పొద్దున్నే సంచి తీసేస్తారు. చర్మం దగ్గరకు లాగి కుట్టేస్తారు. ఆ చోటు చదునుగా ఉంటుంది. మళ్ళీ పెట్టడానికి వీలవుతుందా అంటే ఇప్పుడే చెప్పలేం, ముందు మిగతా వైద్యం అంతా అవ్వాలి అంది. మరకమ్మ అన్నిటికీ "సరే డాక్టరమ్మా" అంది.

పొద్దున్న గంజమ్మ వచ్చేసరికి మరకమ్మను స్నానం చేయించి, వెనక ముడులు వేసే ఆసుపత్రి గౌను తొడిగి పడుకోబెట్టారు. మొగుడు కాగితాల పని మీద కిందకు వెళ్ళాడు. వదినగారు రాలేదు. తెర లాగి ఉంది. గంజమ్మ మంచం పక్కన నిలబడింది.

"పిలవడానికి వస్తారు ఇంకాసేపట్లో," అంది మరకమ్మ.

"ఊఁ."

"రాత్రి అనుకున్నా, ఒకసారి చూసుకుందామా అని. పోయేముందు. తర్వాత అనుకున్నా, ఇప్పుడు చూసేదేముంది, మాడిపోయిన గుడ్డని." పైకప్పు వైపు చూస్తూ ఉంది. "నేను అడగాలనుకున్నది వేరే. నువ్వొక్కదానివే చూశావు దాన్ని. కాలకముందు. ఎలా ఉండేది?"

ఈ ప్రశ్న వస్తుందని గంజమ్మ అనుకోలేదు. ఏం చెప్పాలో మాత్రం వెంటనే తెలిసింది. పోయేదాన్ని గురించి బాగుండేదని చెప్పేవాళ్ళుంటారా?

"ఏమంత కుదర్లేదులే," అంది. "కాస్త ఎత్తుకు పెట్టారు. రెండోదానికీ దీనికీ పొంతన లేదు. గట్టిగా, బిర్రబిగుసుకుపోయి ఉండేది. కుట్టు దగ్గర ముడత కూడా పడింది. నువ్వు చూసి ఉంటే మొహం ముడుచుకునేదానివి. నీకు అన్నిట్లోనూ వంకలేగా."

మాట తడబడకుండా చెప్పగలిగినందుకు తనకే ఆశ్చర్యం వేసింది. మెడ నిటారుగానే ఉంది.

మరకమ్మ తల తిప్పి ఆమె వైపు చూసింది.

"నేను కళ్ళు మూసుకునేదాన్ని గానీ, చెవులు మూసుకోలేదే," అంది. "రోజూ కట్టు విప్పగానే నువ్వు ఊపిరి బిగపట్టేదానివి. తుడవడం అయిపోయాక మెల్లగా వదిలేదానివి. షాపులో ఎప్పుడైనా కోటు భుజం ఒక్క ముడత లేకుండా వస్తుంది చూడు, అప్పుడు వదుల్తావు ఆ ఊపిరి. ఎదురుబల్ల మీద ఇన్నేళ్ళు విన్నా, నాకు తెలీదా? అది వినే నేను ఇంకో రోజు ఆగుదాం, ఇంకో రోజు ఆగుదాం అనుకునేదాన్ని."

గంజమ్మ మంచం మీది దుప్పటి సర్దింది.

"ఇప్పుడు నిజం చెప్పు. ఎలా ఉండేది?"

తెర అవతల చక్రాల మంచం చప్పుడు వినపడింది, ఇంకెవరి కోసమో ముందుకు వెళ్ళిపోయింది.

"బాగుండేది," అంది గంజమ్మ.

"ఎంత?"

"ఏది నీదో ఏది పెట్టిందో తెలిసేది కాదు. కుట్టు లేకపోతే నేనే పోల్చుకోలేకపోయేదాన్ని."

మరకమ్మ తల ఊపింది. "అట్లాగా," అంది. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. ఆపరేషన్ అన్నప్పుడు ఏడవలేదు, వదిన అన్ని మాటలన్నప్పుడు ఏడవలేదు, ఇప్పుడు ఏడ్చింది. చప్పుడు లేదు, గౌను ముడుల మధ్య కనపడే వీపు మాత్రం కదులుతోంది.

గంజమ్మ చెయ్యి చాపింది. భుజం మీద వేద్దామంటే అది నొప్పి భుజం. వీపు మీద వేద్దామంటే చెయ్యి సాగలేదు. ఎక్కడ పెట్టాలో తెలియక, కాసేపు అలా గాల్లోనే ఉంచి, వెనక్కి తీసుకుంది.